ఖిల్లా ఘణపూర్‌లో దొర బండకు సున్నం

ప్రూఫులు దిద్దడం నా బతుకుతెరువు. పోయిన నెల ఒక అనువాద గ్రంథం నా బల్ల మీదికి వచ్చింది. స్పెయిన్‌కు వాయువ్య మూలన ఉన్న గలీసియా అనే సీమలో, మధ్యయుగాల నాటి ఒక ప్రభువు, సేనాని జీవితం అది. ఆయన ఏ కోట పట్టాడు, ఎక్కడ బందీ అయ్యాడు, ఎవరితో వియ్యమందాడు, ఎవరితో కయ్యమాడాడు, అంతా పూసగుచ్చినట్టు ఉంది. అచ్చుతప్పులు దిద్దుతుంటే నాకు కడుపుమంట మొదలైంది. మన పాలమూరులో కోట కట్టి, చెరువు తవ్వించి, ఊరి పేరులో తన పేరు కలిసిపోయేలా బతికిన సామంతుడికి చరిత్ర పుస్తకాల్లో నాలుగు వాక్యాలు దొరికితే ఎక్కువ. ఆ నాలుగింటికి ఐదోది చేర్చుదామనే పొగరుతోనే, జూన్‌లో తొలివాన పడ్డ వారం రైలెక్కాను.

మొదటి రోజు గద్వాల కోట చూసి, రాత్రికి వనపర్తిలో ఆగాను. మర్నాడు ఉదయం ఆరుకు పల్లెవెలుగు బస్సెక్కి పెద్దమందడిలో దిగాను. అక్కడినుంచి ఆ సామంతుడి ఊరు ఖిల్లా ఘణపూర్‌కు ఆటో నూట యాభై. డ్రైవర్ పేరు యాదయ్య. ఘణపూర్ చెరువు అవతల మూడెకరాల చేను ఉందట. వాన పడి నాలుగు రోజులైంది, దున్ని పెట్టాడు, విత్తనం మాత్రం వేయలేదు. ఎందుకని అడిగాను.

"కిల్లా మీద తెల్లగ కనబడాలె సార్. కనబడందే మా దిక్కోళ్లు ఇత్తనం పెట్టరు. ఈయేడు గదే పరేషాన్," అన్నాడు. అంతకుమించి చెప్పకుండా కోట కింద రేకుల హోటల్ ముందు దింపి, "టిఫిన్ ఈడ చెయ్యండ్రి, హఫీజమ్మ చేతి రొట్టె మల్లెక్కడ దొరకది," అని తనూ లోపలికొచ్చి కూర్చున్నాడు.

హఫీజాబీకి అరవై దాటి ఉంటాయి. జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. మూడు రొట్టెలు తిని జేబులో చెయ్యి పెడితే ఆమె తల అడ్డంగా ఊపింది. "పైసలొద్దు బిడ్డా. ఇస్తె గిరాకీ అయితవ్. ఇయ్యకుంటె మా ఇంటోడవ్. కిల్లా ఎక్కుతున్నవ్ గద, జర మా ఇంటి పని చేసి పెట్టు." ఊరకే రొట్టె పెట్టరని అప్పుడైనా నాకు తట్టాల్సింది.

ఆ ఇంటి పని ఏమిటో యాదయ్య చెప్పాడు. హఫీజాబీ భర్త తాతముత్తాతలు ఈ కోట తలుపు కాసినవాళ్లు. యుద్ధాల కాలంలో పైనుంచి నాలుగు దిక్కులూ చూసి, శత్రువు జాడ లేదని తేలాకే ఒక బండకు సున్నం కొట్టేవాళ్లట. ఆ తెలుపు చూసి రైతులు చేలల్లోకి దిగేవాళ్లు. రాజ్యాలు పోయినా ఆ పని పోలేదు. ఏటా తొలివానకు పాత సున్నం కడుక్కుపోతుంది, కొత్తది ఈ ఇంటి ఉప్పు తిన్నవాళ్లే కొట్టాలి. ఆమె భర్త పోయిన చలికాలంలో కన్నుమూశాడు. పిల్లలు లేరు, ఆమె మోకాళ్లు మెట్లెక్కనివ్వవు. ఈ రోజు మధ్యాహ్నం లోపు తెలుపు కనబడకపోతే ఆ బాధ్యత వేరే ఇంటికి ఇచ్చేస్తామని ఊరి పెద్దలు చెప్పేశారు.

"నువ్వే కొట్టొచ్చు కదా?" అన్నాను యాదయ్యతో.

"చూసేటోడే కొడితె ఇగ నమ్మేదెట్ల సార్?" అన్నాడు.

సున్నం డబ్బా, ఈతమట్ట నలగగొట్టి చేసిన కుంచె నా చేతికొచ్చాయి. "రెండో దర్వాజ దాటినంక దొర బండ ఉంటది. చూస్తె నీకే తెలుస్తది," అంది హఫీజాబీ. యాదయ్య తన చేనులో నిలబడి చూసి ఫోన్ చేస్తానన్నాడు. ఎనిమిదింటికి మెట్లెక్కడం మొదలుపెట్టాను. రెండు గుట్టలను కలుపుతూ కట్టిన కోట ఇది. కొండబండను ఎక్కడ వాడుకోవాలో, ఎక్కడ గోడ లేపాలో తెలిసిన మనిషి కట్టించిన కోట. ఒక్కో మలుపు దగ్గర ఆగి, శత్రువునైతే నేనెక్కడ చచ్చేవాణ్నో లెక్కవేసుకున్నాను. మొదటి దర్వాజ కూడా దాటేవాణ్ని కాదు. ఆ దొర మీద గౌరవం మెట్టుమెట్టుకూ పెరిగింది.

రెండో దర్వాజ దాటగానే ఎడమవైపు రాతిమీద గుర్రపు రౌతు శిల్పం కనబడింది. ఎత్తిన కత్తి, బిగించిన కళ్లెం. ఇంకెవరు, దొరే! గలీసియా ప్రభువు తలదన్నే ఠీవి. భక్తిగా గుర్రపు డెక్కల నుంచి కత్తి మొన దాకా రెండు పూతలు పూశాను. డబ్బా ఖాళీ అయ్యింది. ఫొటో కూడా తీసుకున్నాను.

ఫోన్ మోగింది. "సార్, ఏం కనబడ్తలేదు. యాడ కొట్టిన్రు?"

"గుర్రం మీది దొరకు."

"అయ్యో సార్! ఆ బొమ్మ గోడ సాటుకున్నది. గది ఎవలకు కనబడ్తది?"

అందరి తప్పులూ దిద్దేవాడి తప్పు అంత తెల్లగా, అంత పెద్దగా ఎప్పుడూ కనబడి ఉండదు. ఒక పాత శిల్పాన్ని పాడుచేశానన్న సిగ్గు, ఒక ముసలామె ఇంటి మాట పోగొడుతున్నానన్న భయం రెండూ ఒక్కసారే పట్టుకున్నాయి. తడి ఆరకముందే సీసాలో ఉన్న తాగే నీళ్లన్నీ పోసి, చొక్కా విప్పి దాంతో శిల్పాన్ని తుడిచాను. చేతులు సున్నానికి మండుతున్నాయి. శిల్పం శుభ్రపడేసరికి పదకొండు దాటింది. సున్నం లేదు, నీళ్లు లేవు, కిందికి దిగి మళ్లీ ఎక్కే టైమూ లేదు.

అప్పుడు దర్వాజలోంచి ఆయాసం వినబడింది. హఫీజాబీ. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో చిన్న డబ్బా. యాదయ్య ఆమెకూ ఫోన్ చేశాడట. మోకాళ్లు పట్టుకుని, మెట్టుకోసారి కూర్చుంటూ వచ్చింది.

"తప్పైందమ్మా," అన్నాను.

"సదువుకున్నోనివి. కత్తి దిక్కే చూస్తవ్," అని నవ్వింది. చెయ్యి పట్టుకుని, ఆమె చూపిన దిక్కుగా గోడ చివరిదాకా నడిపించాను. అక్కడ ఏ బొమ్మా లేని ఒక బోడిబండ ఉంది. దాని ముందు కొండ ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది. కింద చెరువు, కట్ట, అవతల చేలు.

"యుద్ధాలు మాకేం తెల్వదు బిడ్డా. చెరువు కట్టేటప్పుడు దొర పొద్దుగాల్నే వచ్చి ఈడ కూసునేటోడంట. కట్ట తెగితె ముందుగాల నేనే చూడాలె, ముందుగాల నేనే ఉరకాలె అన్నడంట. దొర ఈడ తెల్లగ కనబడితెనే జనం చేన్లల్ల దిగేటోళ్లంట. మా ఆయన చెప్తుండె."

ఆమె చెయ్యి సున్నంలో ముంచి బండ మీద ఐదు వేళ్లూ వేసింది. మిగతాది నేను పూశాను. పన్నెండుకు పది నిమిషాలుంది. చెరువు అవతల ఎక్కడో ఒక ట్రాక్టర్ హారన్ మోగింది, తర్వాత ఇంకొకటి. ఫోన్‌లో యాదయ్య, "కనబడ్డది సార్! కనబడ్డది!" అని అరుస్తున్నాడు.

హఫీజాబీ బండకు ఆనుకుని కూర్చుంది. చాలాసేపు చేల వైపు చూసింది. "నలభై ఏండ్లు గుట్ట కింద రొట్టెలు కాల్చుకుంట తెలుపు కోసం చూసిన. ఈడికెల్లి చేన్లు గింత మంచిగ కనబడ్తయని ఆయన ఒక్కనాడు చెప్పలే," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆమె కళ్లు చూసి నాకూ ఆగలేదు.

గలీసియా ప్రభువుకు ఐదొందల పేజీల పుస్తకం ఉంది, అందులో తప్పుల్లేకుండా చూశాను కూడా. మన దొరకు పుస్తకం లేదు. ఆయన ఉన్నాడో లేడో ఏటేటా తలెత్తి చూసుకుని, ఉన్నాడని తేలాకే విత్తనం వేసే మనుషులున్నారు. సేనానుల్లో ఎంతమందికి దక్కుతుంది ఆ భాగ్యం? నేను చేర్చాలనుకున్న ఐదో వాక్యం ఏ కాగితం మీదా రాయలేదు, హఫీజాబీ ఐదు వేళ్లతో వేసేసింది.

మీరు వెళ్లేట్టయితే ఉదయం ఎనిమిదిలోపే ఎక్కడం మొదలుపెట్టండి, పైన నీడ తక్కువ. నీళ్ల సీసాలు మాత్రం రెండు తీసుకెళ్లండి. ఒకటి తాగడానికి, ఇంకొకటి చేసిన తప్పు కడుక్కోవడానికి.