ఎడమ చెవి మిషన్

గడ్డిఅన్నారం నుంచి పండ్ల మార్కెట్ తరలిపోయిన మరుసటి వేసవిలో నేను దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దగ్గర ఒక చెవి మిషన్ల సెంటర్లో సీనియర్ ఆడియాలజిస్టుగా చేరాను. అంతకుముందు సర్వీసంతా ప్రభుత్వ ఆసుపత్రిలోనే. అక్కడ వినికిడి పరీక్ష చేసి రిపోర్టు చేతికిస్తే నా పని అయిపోయేది. ఇక్కడ మిషన్ అమ్మాలి కూడా. రిటైరయ్యాక ఈ బేరాల గోల నాకెందుకని మొదటి వారమే అనుకున్నాను. ఇంట్లో కూర్చుంటే తోచదు గనక మానలేదు.

నర్సింహగారు ఆ రోజుల్లో వచ్చారు. సిటీ బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి, ఉండేది ఎల్బీనగర్లో. వెంట భార్య యాదమ్మ, కోడలు సుమ. పాత బస్సుల్లో ఇంజను డ్రైవరుకు ఎడమ పక్కనే ఉండేది. అందుకే ఆయన ఎడమ చెవి కుడిదానికంటే బాగా దెబ్బతింది. ఏ శబ్దం ఎంత గట్టిగా ఉంటే మనిషికి వినబడుతుందో చూపే గీతను ఆడియోగ్రామ్ అంటాం. ఆ గీతను బట్టే మిషన్‌ను కంప్యూటర్‌కు తగిలించి, ఏ చెవికి ఎంత శబ్దం పెంచాలో అమరుస్తాం. ధర సైజును బట్టి ఉండదు, లోపలి చిప్పును బట్టి ఉంటుంది. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. ఇంత చిన్నదానికి అంత డబ్బా అని నాతోనే పోట్లాడతారు.

రెండు చెవులూ పోయినప్పుడు రెండు మిషన్లూ పెట్టుకోవాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం. జతగా కొంటే సెంటర్ కొంత తగ్గించేది. చెవి వెనక తగిలించుకునే మధ్యరకం జత ఒకటి సుమ తన కార్డు మీద వాయిదాల్లో తీసుకుంది. ఆ పిల్ల ప్రైవేటు కంపెనీలో ఉద్యోగి. పసిపాపను అత్త దగ్గర వదిలి డ్యూటీకి వెళ్లేది.

రెండు వారాలకు సర్దుబాటు కోసం రమ్మంటే భార్యాభర్తలిద్దరే వచ్చారు. ఎడమ మిషన్ ఇంట్లో కూత పెడుతోందని ఆయన ఫిర్యాదు. చూస్తే ఆయన కుడి చెవికే మిషన్ ఉంది. ఎడమది ఇంట్లో పెట్టి వచ్చానన్నారు. మిషన్ తేకుండా నన్నేం చూడమంటారండీ అని విసుక్కున్నాను. సరిగ్గా అప్పుడే యాదమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. గదిలో సన్నగా కూత మొదలైంది. నేను నర్సింహగారిని చూశాను, ఆయన గోడకున్న క్యాలెండర్‌ను చూశారు. ఆ కూత కొంగు కింద నుంచి వస్తోంది.

"ఒకటి నాకు, ఒకటి ఆమెకు పెట్టుకున్నం మేడం. రెండున్నయ్ కదా," అన్నారాయన.

"అయ్యో రామ! ఒకరి మందు ఇంకొకరు మింగుతారా?" అని అరిచినంత పని చేశాను. మిషన్ కొసన చెవి రంధ్రంలో దూర్చే రబ్బరు టోపీ ఆమె చిన్న చెవిలో సరిగా కూర్చోక, సందులోంచి బయటికొచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి దూరి కూత పుడుతోంది. అంతకంటే ప్రమాదం, ఆయన చెవికి పెంచిన శబ్దమంతా ఆమె చెవిలో పడటం. తలనొప్పి వస్తోందా అని అడిగితే, రోజూ వస్తోందని ఒప్పుకుంది.

మరి ఎందుకు భరించావమ్మా అని అడిగాను. జవాబు ఆయనే చెప్పారు. మిషన్లు కొనకముందు ఒక రోజు పాప లోపలి గదిలో ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంటుంటే ఈమె వంటింట్లో పని చేసుకుంటూ ఉందట. అప్పుడే ఇంటికొచ్చిన సుమ అది చూసింది. మర్నాటి నుంచి పిల్లల్ని చూసుకునే సెంటర్ల కోసం వెతకడం మొదలుపెట్టింది.

"నాకు చెవుడని తెలిస్తే ఇగ పోరిని నా చేతికియ్యరు మేడం," అంటూ యాదమ్మ ఏడ్చింది. నా కోపం ఎటు పోయిందో పోయింది.

ఆమెకు పరీక్ష చేశాను. వినికిడి లోపం ఉంది, ఆయనంత కాదు. వీళ్లకు ఇంకో జత అమ్మమని మేనేజరు సలహా. మొదటి జత వాయిదాలే మొదలుకాలేదు, ఇంకో జత ఎవరు కొంటారు? ఎడమ మిషన్‌నే ఆమె గీతకు తగ్గట్టు మార్చి, చిన్న టోపీ వేయమన్నారు నర్సింహగారు. ఒక్క మిషన్‌తో శబ్దం ఎటునుంచి వస్తోందో తెలియదు, ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు దాటడం కష్టమని హెచ్చరించాను.

"నేనే బస్సు నడిపినోణ్ణి. ఎటునుంచి ఒస్తదో నాకెర్క లేదా?" అని నవ్వారు.

ఒక షరతు పెట్టాను. కోడలికి చెప్పాలి, ఆమెను వెంటబెట్టుకుని రావాలి.

వచ్చారు. నిద్రపోతున్న పాపతో నర్సింహగారు బయట బెంచీ మీద కూర్చున్నారు. లోపల నేను యాదమ్మకు మిషన్ అమర్చి, ఎలా తీయాలో, బ్యాటరీ ఎలా మార్చాలో చెబుతున్నాను. సుమ చేతులు కట్టుకుని వింటోంది. దాచినందుకు అత్త మీద కోపం ఇంకా తగ్గలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. తలుపు వేసి ఉంది, ఏసీ రొద పెడుతోంది.

యాదమ్మ ఉన్నట్టుండి లేచింది. "పాప లేసింది," అంది.

నాకేమీ వినబడలేదు. సుమ కూడా అయోమయంగా నన్ను చూసి, వెళ్లి తలుపు తీసింది. నర్సింహగారు గోడకు తల ఆన్చి నిద్రపోతున్నారు, ఆయన మిషన్ చొక్కా జేబులో ఉంది. ఒళ్లో పాప కళ్లు తెరిచి, ఏడుపుకు ముందు కుయ్‌మంటోంది. సుమ పాపను ఎత్తుకుని వచ్చి, అత్త చేతుల్లో పెట్టింది.

రెండు చెవులకూ రెండు మిషన్లు కావాలన్న పాఠాన్ని నేను ఇప్పటికీ కాదనను. అయితే ఆ తర్వాత పనిచేసినన్నాళ్లూ ఎవరొచ్చినా, ఆడియోగ్రామ్ తీసేముందే ఒక ప్రశ్న అడిగేదాన్ని: మీ ఇంట్లో ఎవరి గొంతు ఎవరికి వినబడాలి? తోడుగా వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ల చెవులు కూడా పరీక్ష చేసేదాన్ని.