కుడితిలో పడ్డ జొన్న గట్క

నా మేనకోడలి మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు.

ఆమెకు పీసీఓఎస్. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు లేరు. కొంపల్లి డాక్టరమ్మ మందులతో పాటు పీచున్న తిండి తినమంది. పేగుల్లోని సూక్ష్మజీవులు ఆ పీచును పులియబెట్టి షార్ట్ చైన్ ఫ్యాటీ యాసిడ్లు తయారుచేస్తాయట. హార్మోన్లు దారిలో పడడానికి అవి సాయపడొచ్చట, కానీ ఇంకా తేలలేదట. తేలకపోయినా మా పిల్ల దాన్నే పట్టుకుంది. ఎక్కడికి వెళ్లినా డబ్బాలో జొన్నరవ్వ ఉడికించిన గట్క, అలసంద గుగ్గిళ్లు తీసుకెళ్లేది.

శామీర్‌పేటలో ఆమె ఆడబిడ్డ శ్రీమంతం. భోజనాల బంతిలో కూర్చుని మా పిల్ల డబ్బా మూత తీయగానే, అత్త పక్కావిడతో అందరూ వినేలా అంది:

"చూడు వదినా, మా కోడలు కడుపుల పురుగులను సాకుతాందట. పిల్లల్ని సాకుమంటే శాతనైతలేదు."

ఆడవాళ్లంతా నవ్వారు.

"డాక్టరమ్మ తినమన్నది అత్తమ్మా," అంది మా పిల్ల మెల్లగా.

"అయితే గా డాక్టరమ్మనే కని ఇయ్యమను. గిది మా బర్రెకు ఏస్త. అదన్న ఈనుతాంది."

డబ్బా లాక్కుపోయి కుడితి తొట్టిలో కుమ్మరించింది. బర్రె వాసన చూసి, అత్త నడుం మీద ఒక్క తన్ను తన్నింది. ఆమె పేడలో బోర్లా పడింది. మా పిల్ల తల ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఒట్టేశాను కాబట్టి చెప్పక తప్పదు. ఆ తన్ను నేను కల్పించిందే. బర్రె తొట్టి అడుగుదాకా నాకింది. మా పిల్ల ఎక్కడికీ పోలేదు, బంతిలోనే కూర్చుని అత్త వడ్డించిన పూరీలు తిన్నది.

"గిట్ల తినాలె బిడ్డా," అంది అత్త, ఇంకో పూరీ వేస్తూ.