ఎమ్మిగనూరులో తెగిన ఓడ తాడు

కరోనా వచ్చిన ఏడాది వేసవిలో నేను విశాఖలోని ఒక ఓడల డిజైన్ కంపెనీలో సీనియర్ ఇంజనీరుని. ఆఫీసు మూసేయడంతో ఆదోనిలో మా అన్న ఇంటి నుంచి పని చేయాల్సి వచ్చింది. మాది పత్తి వ్యాపారుల కుటుంబం. నా పని మాత్రం మంచు సముద్రాల్లో ఓడలు ఎలా నిలుస్తాయో కంప్యూటర్లో ముందే నడిపి చూడటం. దీన్నే సిమ్యులేషన్ అంటారు.

ఆ వారం వచ్చిన ప్రశ్న ఇది. గడ్డకట్టిన సముద్రంలో చమురు తీసే వేదిక పక్కన తాళ్ళతో కట్టేస్తే, సామాను దించేదాకా ఓడ నిలుస్తుందా? నేను సరేనని సంతకం పెడితే మర్నాడే మనుషులతో బయల్దేరుతుంది. మంచు పలకల్ని ఒక్కోసారి ఒక్కో రకంగా పరిచి, అదే ఓడను మళ్ళీ మళ్ళీ నడపడం మా పద్ధతి. అన్నిసార్లూ నిలిచింది. ఒక్కసారి మాత్రం గాలి మళ్ళి, మంచు పక్కనుంచి ఒత్తి, తాడు తెగింది. ఖర్మ కాలి సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

అది కరెంటు పోవడంతో వచ్చిన తప్పు లెక్క, తీసేసి సంతకం పెట్టండని మేనేజరు ఫోన్లో తేల్చేశాడు. అయ్యుండొచ్చు. కాకపోతే? అదే మంచును అలాగే పరిచి మళ్ళీ నడిపితే తప్ప తెలియదు. కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు.

"ఎమ్మిగనూరులో మన జిన్నింగ్ మిల్లుకు జనరేటరుండాది కదప్పా, పోదాం పా," అన్నాడు అన్న. కంప్యూటర్ని కార్లో వేసుకున్నాం. దారిలో పోలీసాయన ఆపి యాడికని అడిగాడు.

"మంచులో ఓడ నిలుస్తాదో లేదో చూడనీకి పోతాండాం సార్," అన్నాడు అన్న.

ఆ మండుటెండలో మమ్మల్ని ఎగాదిగా చూసి, "మాస్కు సరిగా పెట్టుకోండప్పా," అని వదిలేశాడు.

పత్తి సీజన్ కాదు కాబట్టి మిల్లు ఖాళీ. సిమ్యులేషన్ నడుస్తున్నంతసేపూ నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

"కూర్చోరాదా! నీ తిరుగుడుకు నా కండ్లు తిరుగుతాండాయి," అని అన్న విసుక్కున్నాడు.

సాయంత్రానికి ఫలితం వచ్చింది. తాడు అక్కడే తెగింది. తప్పు కరెంటుది కాదు, మంచుదే.

ఓడ వెళ్ళకూడదని రాసి పంపాను. మేనేజరు భగ్గుమన్నాడు. ఓడ ఆగింది. తీరా చూస్తే ఓడ అక్కడ ఉండాల్సిన రోజుల్లో గాలి మళ్ళనే లేదు. వెళ్ళినా ఏమీ అయ్యేది కాదని నేను రిటైరయ్యేదాకా ఆయన దెప్పుతూనే ఉన్నాడు. దెప్పనీ! ఒళ్ళు మాత్రం మండేది.

చెడ్డ ఫలితాన్ని తీసేయాలంటే అది ఎందుకు తప్పో చూపించాలి. మనకు నచ్చకపోవడం కారణం కాదు. తాడు తెగకపోతే మా మాట నిజమని ఎవరూ ఒప్పుకోరు. తెగాక ఒప్పుకుంటే ఓడలోవాళ్ళకు ఒరిగేదేమీ లేదు.