మామూలుగా రమ్మన్నారు

కెజియా ఆఫీసుకు వేసుకెళ్లే బట్టలు ఆమె పుట్టకముందే ఫ్యాషన్ నుంచి తప్పుకున్నవి. మోచేతి దాకా వచ్చే బుట్ట చేతుల జాకెట్టు, దాని అంచుకు సన్న లేసు, పల్చటి వాయిల్ చీర, పైటను భుజం మీద పట్టి ఉంచే రాళ్ల బ్రోచ్, బిగించి చుట్టిన ముడి, టక్కున నోరు మూసుకునే తోలు హ్యాండ్‌బ్యాగు. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆరో అంతస్తులో జీన్సు ప్యాంట్ల మధ్య ఆమె వచ్చి కూర్చుంటే, పాత ఫోటోలోంచి ఎవరో లేచొచ్చి లాప్‌టాప్ తెరిచినట్టుండేది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె కూడా అందరిలాగే కుర్తీలే వేసుకుంది. మీటింగులో నోరు విప్పితే చాలు, సగంలో ఎవరో ఒకరు ఆ మాట అందుకుని తమదిగా పూర్తి చేసేవారు. ఒక డిసెంబరులో ఆఫీసులో క్రిస్మస్ సంబరమంటే, పెట్టె అడుగున దొరికిన అమ్మమ్మ జాకెట్టు ఒకటి సరదాకు వేసుకెళ్లింది. అమ్మమ్మ ఎలిజబెత్ తెనాలిలో మిషన్ బడి టీచరు. ఆవిడ మాట్లాడుతుంటే మధ్యలో తుమ్మడానికి కూడా పిల్లలు భయపడేవారట. ఆ రోజు మీటింగులో కెజియా మాటకు ఎవరూ అడ్డు రాలేదు. బట్టలు చూసి బిత్తరపోయి ఊరుకున్నారో, నిజంగానే విన్నారో దేవుడికెరుక. కెజియా మాత్రం మరుసటి శనివారమే ఆ జాకెట్టు పట్టుకుని మూసాపేటలో తమ వీధి చివరి టైలరు దగ్గరికి పరుగెత్తింది. అలాంటివే మరికొన్ని కుట్టించుకుంది.

ఎగతాళి చేసేవాళ్లు చేశారు. పక్క సీటు అవినాష్ రోజుకో పేరు పెట్టేవాడు. ఒకరోజు హెడ్‌మాస్టరమ్మ, ఒకరోజు జమీందారిణి. గేటు దగ్గర ఆడవాళ్ల బ్యాగులు తనిఖీ చేసే భవాని మాత్రం చేతిలో పని ఆపి మరీ చూసేది.

"మస్తుగున్నయి మేడమ్ గీ చేతులు. మా అమ్మ పెండ్లి ఫోటోల గిట్లనే ఉంటది," అనేది. కార్డు చూపించమని కెజియాను ఎప్పుడూ అడగలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు గొడవ ఒక బుధవారం సాయంత్రం మొదలైంది. మర్నాడు క్లయింటు వాళ్లు స్వయంగా వస్తున్నారు. ఆసుపత్రుల కోసం కెజియా రాసిన ప్రోగ్రామును ఆమే వాళ్ల ముందు నడిపి చూపించాలి. సరిగ్గా జరిగితే టీమ్ లీడ్ పదవి ఆమెది. తడబడితే అవినాష్‌ది. అలా అని మేనేజరు రంగనాథ్ ఇద్దరినీ కూర్చోబెట్టి ముందే చెప్పేశారు. ప్రొద్దుటూరు మనిషి, నాన్చడం చేతకాదు.

ఆయన ఇంటికి వెళుతూ వెళుతూ ఆమె సీటు దగ్గర ఆగారు. ఆమె భుజం వైపు ఒకసారి చూశారు. "రేపు నువ్వు మామూలుగా వచ్చేయమ్మా," అని లిఫ్టు వైపు వెళ్లిపోయారు.

మామూలు అనే మాటంత మాయదారి మాట తెలుగులో ఇంకొకటి ఉండదేమో. ఎలా ఉన్నావంటే మామూలే అంటాం, వంట ఎలా ఉందంటే మామూలుగా ఉందంటాం, బల్ల కింద చేతులు మారేదీ మామూలే. రోజూ నేనొచ్చినట్టు రమ్మన్నారా, నలుగురూ వచ్చినట్టు రమ్మన్నారా? భుజం వైపు ఎందుకు చూశారు? బ్రోచ్‌నా, బుట్ట చేతినా? మెట్రోలో నిలబడి కెజియా ఇదే నమిలింది. అమీర్‌పేటలో రైలు మారాల్సిన సంగతి మర్చిపోయి, తలుపు మూసుకోబోతుంటే దూకినంత పని చేసింది.

ఇంట్లో అమ్మ ఎవాంజెలిన్ డ్యూటీకి నర్సు యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది.

"మామూలుగా రమ్మంటే ఏమిటమ్మా అర్థం?"

"మామూలుగా రమ్మనే. ఇందులో అర్థమేముందే?"

"అది కాదమ్మా, నా బట్టల గురించే అయ్యుంటుందా?"

"అంత అనుమానమైతే ఆయన్నే అడక్కూడదూ? ఫోనుంది కదా."

అడగొచ్చు. అడిగితే, అవునమ్మా, ఆ వేషం ఒక్కరోజు పక్కన పెట్టు అంటారేమో. ఆ మాట చెవిన పడితే తట్టుకోలేనని ఆమెకు భయం. పోయి పోయి అవినాష్‌కు మెసేజ్ పెట్టింది. "మాలాగా రమ్మని," అని వెంటనే జవాబొచ్చింది, పక్కన ఒక నవ్వు బొమ్మతో. అతను ఎగతాళికి అన్నాడో, మేలు కోరి అన్నాడో ఆ బొమ్మలో తెలియలేదు. చీర తీసి మంచం మీద పెట్టింది, మళ్లీ బీరువాలో పెట్టింది, మళ్లీ తీసింది. అన్నం కెలికి లేచిపోయింది. ప్రార్థనలో కూడా ఆమేన్ దగ్గరికి వచ్చేసరికి బుట్ట చేతులే గుర్తొచ్చాయి.

తెల్లవారాక, చదువుకునే రోజుల్లో క్యాంపస్ ఇంటర్వ్యూకు కొన్న తెల్లచొక్కా, నల్లప్యాంటు వేసుకుంది. ముడి విప్పి జుట్టు వదిలేసింది. హ్యాండ్‌బ్యాగు మంచం మీద వదిలి, వీపుకు లాప్‌టాప్ సంచి తగిలించుకుంది. అద్దంలో మనిషి బాగానే ఉంది, కానీ ఎవరో తెలియలేదు. ఎవరూ చూడకముందే సీట్లో కూర్చోవాలని ఎంతో ముందే బయల్దేరి, ఎనిమిదయ్యేసరికి గేటు దగ్గరుంది.

"కార్డు సూపియ్యుండ్రి," అంది భవాని, సంచి జిప్పు లాగుతూ.

కార్డు హ్యాండ్‌బ్యాగులో ఉంది. హ్యాండ్‌బ్యాగు మూసాపేటలో ఉంది.

"భవానీ, నేనే. ఆరో ఫ్లోరు కెజియా."

భవాని కిందినుంచి పైదాకా చూసింది. రోజంతా చేతులూ భుజాలూ సంచులూ తడిమే మనిషి, ముఖాలతో ఆమెకు పెద్దగా పనిలేదు. "కెజియా మేడమ్ నాకు ఎరుకే. ఇయ్యాల పెద్దోళ్లొస్తున్నరు, కార్డు లేకుంటే ఎవ్వర్నీ పోనియ్యొద్దన్నరు. జర పక్కకు నిలబడుండ్రి, ఎనక లైనున్నది."

కెజియాకు ఒళ్లు మండింది, వెంటనే ఏడుపూ వచ్చింది. అవినాష్ అప్పుడే లోపల లిఫ్టు వైపు వెళుతూ కనిపించాడు, పిలిస్తే వచ్చి ఇట్టే లోపలికి తీసుకుపోతాడు. కానీ ఈ వేషంలో, ఈ అవస్థలో అతనికి కనబడటానికి మనసొప్పలేదు. రంగనాథ్‌కు ఫోన్ చేసింది.

"నేనింకా మణికొండలోనే ఉండానమ్మా. అయినా ఇంత పొద్దన్నే నువ్వెందుకు వస్తివి? గది సర్దను అవినాష్ వాళ్లను ఎనిమిదికి రమ్మంటి. నిన్ను మామూలుగా రమ్మంటి గదా."

"మామూలుగా అంటే, సర్?"

"అంటే యాముంది, రోజూ వచ్చే టయానికి. మన మీటింగు పదకొండున్నరకు గదా. నీ వెనక గోడ మీద గడియారం చూసే చెప్తి."

"నా బట్టల గురించి అనుకున్నాను సర్."

"బట్టలకేమాయె? ఇంటికి పోయి కార్డు తెచ్చుకో పో, బోలెడు టైముంది," అని పెట్టేశారు.

కెజియా మళ్లీ మెట్రో ఎక్కింది. బోగీలో సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయింది. ఎవరిమీదైనా కోపం తెచ్చుకుందామంటే ఎవరూ దొరకలేదు. ఆయన చూసింది గడియారాన్ని. ఆ చొక్కా, ప్యాంటు తొడగమన్నది తన భయమే.

ఇంట్లో హ్యాండ్‌బ్యాగు మంచం మీదే ఉంది, పక్కనే చీర కూడా. కార్డు తీసుకుని అలాగే వెళ్లిపోవచ్చు. ఇప్పుడు ఏది వేసుకున్నా మేనేజరు చెప్పారని అనడానికి లేదు. గుమ్మం దాకా వచ్చింది, వెనక్కి తిరిగింది. చొక్కా విప్పేటప్పుడు తొందరలో ఒక గుండీ ఊడి మంచం కిందికి దొర్లిపోయింది. ఆమె దాన్ని వెతకలేదు.

ఈసారి గేటు దగ్గర కార్డు చేత్తో పట్టుకుని మరీ వెళ్లింది. అవతల రద్దీలో ఉన్న భవాని దూరం నుంచే బుట్ట చేతులు చూసి, పోండ్రి పోండ్రి అని చెయ్యి ఊపింది.

ప్రోగ్రాము సగంలో క్లయింటు పెద్దమనిషి మెలికలున్న ప్రశ్న ఒకటి వేశాడు. కెజియా జవాబు మొదలుపెట్టింది. అవినాష్ గొంతు సవరించుకుని, "అదేంటంటే" అని అందుకోబోయాడు. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే భుజం మీది బ్రోచ్ దగ్గరికి వెళ్లింది. "ఒక్క నిమిషం అవినాష్, నన్ను పూర్తి చేయనివ్వు," అంది. పూర్తి చేసింది. రంగనాథ్ బల్ల అవతల నుంచి తలూపారు. బయటికొచ్చాక, "ఇంగ లీడ్ సంగతి తేలిపోయినట్టేనమ్మా," అన్నారు.

సాయంత్రం గేటు దాటుతుంటే భవాని దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"మేడమ్, పొద్దుగాల ఎవరో వచ్చింది, మీ పేరు చెప్పుకొని లోపలికి పోదామని చూసింది. కార్డు గూడ లేదు. నేను పోనియ్యలే."

"మంచి పని చేశావు భవానీ," అంది కెజియా. "మళ్లీ వస్తే మళ్లీ ఆపు."