ముందు వరస, వెనక వరస

వాన వచ్చే ముందు మా కొట్లో ఒక వాసన లేస్తుంది. గోనె సంచుల చెమ్మ, సున్నపు ఘాటు, వేపపిండి చేదు, కొత్త నైలాను వలల వాసన, అన్నీ కలిసి ముక్కును పట్టుకుంటాయి. ఏలూరులో చేపల చెరువులకు కావలసిన సరుకులు అమ్మే కొట్టు మాది. నిన్న మధ్యాహ్నం మబ్బు కమ్మగానే ఆ వాసన లేచింది. నేను బల్ల దగ్గర నుంచి లేచి, అలమారాలో వెనక వరసలో ఉన్న డబ్బాలను ముందుకు లాగడం మొదలుపెట్టాను. ఎదురుగా కొనడానికి వచ్చినాయన నిలబడే ఉన్నాడు. "ఏవండీ, ముందు నా సంగతి చూడండి" అన్నాడు. సిగ్గుపడి ఆగాను. మబ్బు పడితే నా చేతులు నా మాట వినవు. ఆ చేతులకు ఈ అలవాటు చేసిన మనిషి సత్యవతమ్మ గారు. అప్పట్లో ఈ కొట్టు ఆవిడది. బజారంతా ఆవిడను పిన్నిగారనే పిలిచేది.

మాది తాడేపల్లిగూడెం. నాన్నది ఉల్లిపాయల వ్యాపారం, మేనమామది బెల్లం, పెదనాన్నది పప్పుల కొట్టు. మా ఇళ్ళల్లో పిల్లలకు మాటలూ బేరమూ ఒకేసారి వస్తాయి. ద్వారకా తిరుమల కొండ మీద కొబ్బరికాయ ధర తగ్గించమని వాదించి వాదించి, ఇంటిల్లిపాదికీ దర్శనం వేళ దాటబెట్టిన ఘనుణ్ణి నేను. అమ్మ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నేను మాత్రం గెలిచాననే అనుకున్నాను. డిగ్రీ కాగానే నాన్న నన్ను పిన్నిగారి దగ్గర పనికి పెట్టాడు. భర్త పోయాక ఆవిడ ఒక్కరే కొట్టు నడుపుతున్నారు. ఆ కుటుంబంతో నాన్నకు పాత స్నేహం.

కొట్లో అడుగుపెట్టగానే నాకు తల కొట్టేసినట్టయింది. అలమారాలు సగం ఖాళీ. మా వాళ్ళ లెక్కలో కొట్టంటే సరుకు గుమ్మం దాకా పొర్లుతూ ఉండాలి. పైగా గల్లా ముందు కూర్చుని "లేదు" అనకూడదు. అయిపోయినా "నిండుకుందండీ, రేపొచ్చేస్తుంది" అనాలి. పిన్నిగారు మాత్రం తలెత్తి, "లేదండీ. ఎల్లుండి వస్తుంది. తొందరైతే ఎదురుగా గోపాలం కొట్లో అడగండి" అనేసేవారు. గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఆవిడే రోడ్డు దాటించి పంపడం చూసి నా ప్రాణం గిలగిల్లాడేది.

"అదేంటండీ, పోటీవాడి దగ్గరికి మనమే పంపిస్తామా?" అన్నాను ఒకసారి ఉండబట్టలేక.

"మన లారీ వచ్చేదాకా చెరువులో చేప ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటుందా, అబ్బాయ్?" అన్నారావిడ.

ఆవిడ పద్ధతి చెప్పుకుంటే చాలా చిన్నది. విజయవాడకు కబురు పెడితే ఏ సరుకు ఎన్నాళ్ళకు వస్తుందో ఆవిడకు తెలుసు. ఆలోపు అది ఎంత అమ్ముడుపోతుందో తెలుసు. ఆపైన మబ్బుల కాలానికి కాస్త ఎక్కువ. అలమారాలో సరుకు ఆ మట్టానికి దిగగానే ఆర్డరు వెళ్ళాలి, అడుగంటే దాకా ఆగకూడదు. అంతకుమించి కొనరు. కొత్తగా వచ్చినది వెనక్కి, పాతది ముందుకు. సరుకు ఉందని కంప్యూటరు చెప్పినా సరే, చేత్తో తాకితేనే ఉన్నట్టు. ఈ మాత్రానికి ఇన్ని మాటలెందుకని నేను లోపల నవ్వుకునేవాణ్ణి.

ఓసారి ఆవిడ పెళ్ళికని జంగారెడ్డిగూడెం వెళ్ళారు. అప్పుడే ఒక కంపెనీ కుర్రాడు ఆక్సిజన్ గుళికల డబ్బాలు పట్టుకుని వచ్చాడు. ఎండ లేని రోజుల్లో చెరువు నీళ్ళలో గాలి తగ్గిపోయి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అప్పుడు ఈ గుళికలు చల్లితే ప్రాణం నిలుస్తుంది. నేను వాణ్ణి మధ్యాహ్నం భోజనానికి కూడా లేవనివ్వకుండా బేరమాడి, ధర సగానికి విరిచి, అట్టపెట్టెలు గోడ వారగా పేర్పించాను. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆ కథ కనపడినవాడికల్లా చెప్పాను.

పిన్నిగారు తిరిగి రాగానే ఒక డబ్బా తిప్పి, గడువు తేదీ చూశారు.

"అంత తేలిగ్గా ఎందుకు దిగాడో అడిగావా?"

"నా బేరానికి తట్టుకోలేకపోయాడండీ."

"వాడు అమ్మలేదు నాయనా, వదిలించుకున్నాడు. సరే, తెచ్చావుగా. ఇవి ముందు వరసలో పెట్టు, త్వరగా పోవాలి" అన్నారు. ఒక్క మాట తిట్టలేదు.

నేను పెట్టలేదు. ముందున్న డబ్బాలన్నీ దించి మళ్ళీ సర్దడానికి బద్ధకించాను. ఆ తర్వాత వచ్చిన సరుకు కూడా చేతికందే చోటే పెట్టుకుంటూ పోయాను. ఆ ఏడు ఎండలు పోలేదు. గుళికలు అడిగినవాళ్ళే తక్కువ, అడిగినవాళ్ళకు ముందువి ఇచ్చి పంపాను. వెనకవి గోడ చెమ్మలో అలాగే ఉండిపోయాయి.

చివరికి ముసురు పట్టింది. ముందు వరస ఒక్క పూటలో ఖాళీ అయింది. ఆ సాయంత్రం కొల్లేటి లంక నుంచి ఏడుకొండలు వచ్చాడు. చిన్న చెరువు కౌలుకు తీసుకుని, భార్య మెడలో గొలుసు కూడా దాని మీదే పెట్టిన మనిషి. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"చేప తేలిపోతందండి బాబుగారూ. తెల్లారేతలికి ఏం మిగలదండి. గుళికలున్నాయాండి?"

కంప్యూటరు ఉన్నాయంది. వెనకవి లాగి చూస్తే తేదీ దాటిపోయింది. ఒక డబ్బా ఊపితే లోపల గడ్డలు కదిలాయి. అప్పుడైనా నా నోటికి "లేదు" అనే మాట రావాలి. రాలేదు. మాటలతోపాటు నేర్చిన బేరం వచ్చింది.

"కొంచెం పాతవి. పని చేస్తాయిలెండి. మీ కోసం సగం ధరకే ఇస్తాను."

ఏడుకొండలు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "మీరు చల్లగా ఉండాలండి బాబూ" అన్నాడు. నేను ఆ దణ్ణం తీసుకున్నాను కూడా.

లోపలి గదిలోంచి పిన్నిగారు ఎప్పుడు వచ్చారో తెలియదు. "అబ్బాయ్, బకెట్‌తో నీళ్ళు తీసుకురా" అన్నారు. తెచ్చాను. "డబ్బా విప్పి గుప్పెడు వెయ్యి." వేశాను. వెయ్యగానే నీళ్ళు బుసబుసా పొంగాలి. గుళికలు గులకరాళ్ళలా అడుక్కి వెళ్ళి కూర్చున్నాయి. ముగ్గురం బకెట్‌లోకి చూస్తూ నిలబడ్డాం. ఏడుకొండలు నీళ్ళ మీద నుంచి చూపు ఎత్తి నా వైపు చూశాడు. కోపమైనా బావుండేది. ఇందాకటి దణ్ణం నా దగ్గర నుంచి ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియనట్టు చూశాడు.

"మా దగ్గర లేవయ్యా. రా" అని పిన్నిగారు కొంగు తలమీద కప్పుకుని వానలో రోడ్డు దాటారు. వెనక మేమిద్దరం.

గోపాలం కొట్టు నిండా జనం. ఆయన గల్లా మీద నుంచే అరిచాడు: "రండి పిన్నిగారూ! రోజూ మనుషుల్ని పంపేవారు, ఇవాళ తమరే దయచేశారు! మీ బేరగాడు సగానికి కొట్టిన సరుకు ఏమైందండీ? టీ కొట్లో కథలు కథలుగా చెప్పాడే!"

అందరూ నవ్వారు. పిన్నిగారు నవ్వు ఆగేదాకా ఉండి, "పాడైపోయింది గోపాలం. మాకు లేదు. ఇతనికి ఎన్ని కావాలో అన్ని ఇవ్వు, డబ్బు నేనిస్తాను" అన్నారు.

గోపాలం మామూలు కన్నా బాగా ఎక్కువ ధర చెప్పాడు. అలవాటు కొద్దీ నా నోరు తెరుచుకుంది. పిన్నిగారు నా వైపు తిరగకుండానే, "ఊరుకో. ఇవాళ బేరమాడే మొహం మనకి లేదు" అన్నారు.

మనకి అన్నారు. నీకు అనలేదు. ఆ మాట నన్ను ఇప్పటికీ నిలవనివ్వదు. ఆవిడ గుమ్మం దిగుతుంటే చెప్పు తెగింది. దాన్ని చేత్తో పట్టుకుని, అంతమంది చూస్తుండగా వట్టికాళ్ళతో రోడ్డు దాటారు. పట్టుకుంటానని చెయ్యి చాపాను. ఇవ్వలేదు.

ఏడుకొండలుకి చెరువు దక్కింది. ఆ తర్వాత పిన్నిగారు ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఏడుకొండలు మాత్రం ఇప్పటికీ వస్తాడు. మా గుమ్మం ముందు మోటారు సైకిలు ఆపి, "బావున్నారా బాబుగారూ" అని నిండుగా పలకరించి, రోడ్డు దాటి ఎదురు కొట్లోకి వెళ్తాడు. అంత మర్యాదగా నన్నెవరూ తిట్టలేదు.

కొన్నేళ్ళకు కాళ్ళు సహకరించక పిన్నిగారు కొట్టు నాకు అప్పగించి, జంగారెడ్డిగూడెంలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయారు. ఆఖరిసారి చూడబోయినప్పుడు మంచం మీద నుంచి లేవలేదు. కొట్టు సంగతులు ఒక్కొక్కటే అడిగి, చివర్లో, "ఏడుకొండలు వస్తున్నాడా?" అన్నారు.

వస్తున్నాడండీ అంటే అబద్ధమేమీ కాదు. రోజు విడిచి రోజు మా గుమ్మం ముందే ఆగుతున్నాడు కదా. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది.

"మన కొట్టుకి రావడం లేదండీ" అన్నాను. "గోపాలం కొట్టుకి వెళ్తున్నాడు."

"అక్కడ సరుకు బాగుంటోందా?"

"బాగుంటోందండీ."

"అయితే వెళ్ళనీ" అని కళ్ళు మూసుకున్నారు. ఇవాళ కాకపోతే రేపు అతన్ని మన దగ్గరికే తెచ్చుకుంటానండీ అని చెబుదామనుకున్నాను. అది కూడా బేరమేనని తోచి, తలవంచుకుని ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను.