మోతె పాలటాంకీకి వేసిన అతుకు

మొన్న కోదాడలో మా అల్లుడి వర్క్‌షాపుకు పోతే, ఒళ్ళంతా చెమటలు కారుతున్నా ఫ్యాను ఆపేసి, పనిబల్ల చుట్టూ పరదా లాగి, అప్పుడుగానీ టిగ్ వెల్డింగ్ టార్చి చేతపట్టలేదతను. గాలి తగిలితే అతుకును కాపాడే ఆర్గాన్ గ్యాసు చెదిరిపోతుందని నాకే పాఠం చెప్పబోయాడు. నేనూరుకుంటానా? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్ళలోనూ గ్యాసు ఎంత పెట్టాలో, గాలినెట్లా ఆపాలో మొట్టమొదట కనిపెట్టిన మొనగాణ్ణి నేనేనని ఛాతీ విరిచి చెప్పాను. "అలాగా మావయ్యా!" అని నవ్వి ముసుగు దించుకున్నాడు. ఆ నవ్వు ఇంకా గుచ్చుతూనే ఉంది గనుక, నా ఈడువాళ్ళయిన మీ దగ్గరైనా ఉన్నదున్నట్టు చెప్పుకుంటాను.

మిర్యాలగూడలో ఉస్తాదు దగ్గర పని నేర్చుకుంటున్న రోజులవి. ఆయన తోడు లేకుండా నేనొక్కణ్ణే చేసిన మొదటి పని, మోతెలో మా అక్కను చేసుకున్న బావ కొత్తగా పెట్టుకున్న పాలకేంద్రానికి స్టీలు టాంకీ. బయటినుంచి చూస్తే అతుకు వెండితీగలా మెరిసింది. లోపల తలపెట్టి చూస్తే మాత్రం మాడిన బెల్లంపాకంలా నల్లగా, గరుగ్గా పొక్కులు. వెనకవైపు కూడా ఆర్గాన్ నింపితేనే లోపలి అతుకు బాగుంటుందని ఉస్తాదు చెప్పే ఉన్నాడు. అందుకు టాంకీ సందులన్నీ మూసి, గ్యాసు నిండేదాకా ఓపిగ్గా కూర్చోవాలి. ఆ ఓపిక నాకెక్కడిది? పైపైన ఇంత గ్రైండింగ్ పట్టించి, కనిపించనిది ఎవరు చూస్తారులే అని పంపించేశాను.

వారం తిరక్కుండానే బావ ఫోన్లు మొదలయ్యాయి. పాలు విరుగుతున్నాయి, సూర్యాపేట నుంచి వచ్చే వ్యానువాళ్ళు వాసన చూసి వదిలేసి పోతున్నారు, ఇట్లాగే ఉంటే కేంద్రమే ఎత్తేస్తామన్నారట. "ఎవరిదో క్యాను మురికున్నది బామ్మర్దీ" అంటూ ఒక్కొక్కరినే అనుమానించి, చివరకు రెండు బర్లే ఆధారంగా బతికే ఒక పెద్దమ్మ మీద తప్పు పెట్టి, ఆమెను ఇక పాలు పొయ్యొద్దన్నాడు. షాపులో ఫోను మోగితే చాలు, వినపడనట్టు గ్రైండరు ఆన్ చేసేవాణ్ణి. ఆ పొక్కుల సందుల్లో నిన్నటి పాలు ఇరుక్కుని, ఎంత కడిగినా పోక, ఇవాళ్టి పాలను చెడగొడుతున్నాయని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చివరకు ఉండబట్టలేక బస్సెక్కి మోతె పోయి, బావ ముందు నిలబడి, నా తప్పు నేనే ఒప్పుకున్నాను. ఆ తెగువ తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాస్త గర్వమే.

మర్నాడు ట్రాలీ ఆటోలో మిషను, సగం వాడిన సిలిండరు వేసుకుని వచ్చాను. సాయంత్రం పాలవేళకు పని పూర్తికావాలి, ఆ రోజు పాలు కూడా విరిగితే వ్యాను మరిక రాదు. రేకుల షెడ్డు కింద మూడు పక్కలా గాలి. పాత అతుకు కోసేసి, భయంకొద్దీ గ్యాసు మీటరు చివరిదాకా తిప్పాను, ఎంత ఎక్కువైతే అంత మేలనుకుని. బుస్సుమని వచ్చిన గ్యాసు సుళ్ళు తిరిగి బయటి గాలినే లోపలికి లాక్కుందేమో, అతుకంతా బూడిదరంగు, సూది బెజ్జాలు. మళ్ళీ కోశాను, మళ్ళీ బెజ్జాలే. సిలిండరు ముల్లు దిగిపోతోంది, పొద్దు వాలిపోతోంది, బావ గడియారం చూసుకుంటూ షెడ్డు చుట్టూ తిరుగుతున్నాడు.

అప్పుడు, తన మీది నింద పోయేదాకా కదలనని పొద్దుటినుంచీ షెడ్డు మూలన కూర్చున్న పెద్దమ్మే లేచింది. "గాలికి ఎదురువెట్టుకొని కూసుంటే ఎట్లయితది కొడుకా? పొయ్యి ముట్టిచ్చిన మొకమేనా నీది?" అని భుజం మీది గొంగడి తీసి రెండు గుంజలకు అడ్డంగా కట్టింది. అక్క పిసికిచ్చిన పిండిముద్దతో నల్లా బెజ్జం మూసి, మూత కాస్త ఓరగా పెట్టి, టాంకీలోకి కిందినుంచి గ్యాసు వదిలి, ఈసారి కదలకుండా కూర్చున్నాను. ఇక మీటరంటారా, ఉన్న గ్యాసు చివరిదాకా సరిపోతుందో లేదోనన్న ఆరాటంతో సగానికి తగ్గించాను, అంతే. అతుకు లేత గడ్డిరంగు మెరుపుతో నున్నగా సాగింది. ఆఖరి జానెడు దూరం నా ప్రాణమంతా చెవుల్లోనే, గ్యాసు చప్పుడు ఎక్కడ ఆగిపోతుందోనని. ఆగలేదు. ఆ సాయంత్రం టాంకీలో మొదట పోసినవి పెద్దమ్మ పాలే, తెల్లారి వ్యాను వాటిని మారుమాట లేకుండా తీసుకుపోయింది. నేను కనిపెట్టడమంటే ఇదీ: అయిపోవచ్చిన సిలిండరొకటి, పెద్దమ్మ గొంగడొకటి.

ఇప్పటి టార్చిల్లో సన్నటి జాలీలున్నాయట, గ్యాసు నీడలా పరుచుకుంటుందట, టాంకీ లోపలి అతుకును చిన్న కెమెరా పెట్టి చూస్తారట. దాచుదామన్నా దాగదు, మంచిదే. కానీ మా అల్లుడు చేసే టాంకీ ఏ ఊరికి పోతుందో, అందులో ఎవరి పాలు పోస్తారో అతనికి తెలియదు. నేను అతికిన దాంట్లో పాలు పోసే చేతులు నాకు తెలుసు. ఆ భయం మళ్ళీ వద్దుగానీ, ఆ ఎరుక మాత్రం పోయినందుకు దిగులుగానే ఉంటుంది.

ఇదంతా రాసి, మోతె నుంచి వచ్చిన అక్కకు చదివి వినిపించాను. చివరిదాకా కదలకుండా విన్నది.

"నువ్వే ఒప్పుకున్నవా? ఎంత అబద్ధమాడుతవ్‌రా! బస్సు దిగి దిగంగనే పెద్దమ్మ క్యానుల ముక్కువెట్టి మూసూసి కంపన్నవ్. ఆమె టాంకీల చెయ్యి వెట్టి, నీ అతుకు గీరుకొని నెత్తురు కారేటి ఏలు నీ మొకం ముందట వెట్టినంకనే నీ నోరు పెగిలింది. గది రాయి."