వాన రాకముందే ఒలిచిన గింజలు

మొన్న ఆదివారం అనంతపురంలో మా గుడిలో, అంటే చర్చిలో, అందరమూ మోకరించి, కొందరు కన్నీళ్లు కూడా పెట్టుకొని, వాన కోసం ప్రార్థన చేశాము. ఆమెన్ అని లేచి చెప్పులు వేసుకుంటూ ఉండగానే ముక్కాలు మంది ఫోన్లు తీసి ఈ వారంలో వాన ఉందో లేదో చూసుకున్నారు. ఊరకే ఎవరినో అనడమెందుకు, నేనూ చూశాను. లేదని ఉంది. ఆటో ఎక్కిన దాన్ని ఇల్లు చేరేదాకా మా అమ్మనే తలచుకుంటూ వచ్చాను. నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

మాది కుందుర్పి వైపు చిన్న ఊరు, ఎర్రనేల, వానను నమ్ముకొని వేసే శనక్కాయ తప్ప వేరే పంట ఎరుగని చేలు. నా వయసు వాళ్లకు చెప్పనక్కరలేదు గానీ, ఆ రోజుల్లో విత్తనం కాయలను పొట్టుతోనే మూటగట్టి ఉంచి, వాన పడి నేల పదునెక్కాకే ఇంటిల్లిపాదీ కూర్చొని ఒలిచేవాళ్లము. ఒలిచిన గింజ నిలవదు, పురుగన్నా పడుతుంది, మొలకెత్తే గుణమన్నా పోతుంది. పదును చూస్తే ఎండకు రెండు మూడు రోజుల్లో ఆరిపోతుంది, కాబట్టి వాన పడిందంటే చాలు, అన్నం నీళ్లు మరిచి ఒలవడమే.

వరసగా పంటలు ఎండిపోయిన తర్వాత వచ్చిన ఒక ఏడు మా ఇంట్లో విత్తనానికని మిగిలింది ఒక్క మూట. అది మొలిస్తే ఊర్లో ఉంటాము, లేకపోతే ఇంటికి తాళం వేసి బెంగళూరుకు మట్టి పనికి పోవాల్సిందే. మబ్బు తునక కూడా లేని ఒక పొద్దున అమ్మ చాప మీద మోకరించి వాన అడిగింది, లేచింది, నేరుగా పోయి ఆ మూట విప్పి కాయలన్నీ చాప మీద కుమ్మరించి, అడిగినాము గదా ఇంక ఒలవండి అన్నది. నాయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. గొర్రెలు తోలుకొని పోతూ పక్కింటి అక్క మా వాకిట్లో నిలబడిపోయి, "ఏమ్మా, మబ్బు యాడుండాది? విత్తనం ఒలిపిస్తాండావే, నీకేమన్నా పిచ్చా?" అని అడిగితే, అమ్మ నవ్వి, "అడిగినానులేక్కా, వస్తాది" అని చేతిలో కాయ చిట్లించింది. మా బొటనవేళ్లు పొక్కులెక్కినా ఒలుస్తూనే ఉన్నాము, నాయన మాత్రం మింటికేసి చూడడం, గంపకేసి చూడడం, అదే పనిగా తిరిగాడు.

వాన వచ్చింది! గింజలు గంపకెత్తిన మరునాడు మధ్యాహ్నం, ఎక్కడినుంచి లేచిందో గానీ నల్లటి మబ్బు లేచి కుండలతో కుమ్మరించినట్లు కురిసింది. కురిసింది గానీ, ఏమి చెప్పేది, మా చేనికి అవతల ఉన్న వాగువంక దాకా వచ్చి అక్కడే నిలిచిపోయింది. వంకకు అటు నీళ్లు నిలబడ్డాయి, ఇటు మా చేలో దుమ్ము అట్లాగే లేస్తున్నది. అటు చేను మా చిన్నాయనది. భాగాలప్పుడు ఎవరికి మంచి నేల వచ్చిందని రేగిన తగువుతో రెండిళ్లకూ మాటలు పోయి ఏళ్లయింది. గుడిలో సైతం అమ్మ ఈ గోడ పక్కన, చిన్నమ్మ ఆ గోడ పక్కన కూర్చొని ఒకే దేవుణ్ణి వేడుకునేవారు.

మరునాటి పొద్దున అమ్మ గింజల గంప ముందు మోకరించి చాలాసేపు లేవలేదు. నేను చూసినంతలో ఆమె అడుగుతున్నట్లు లేదు, ఎవరో చెబుతుంటే వింటున్నట్లు ఉంది. లేచి గంప నెత్తిన పెట్టుకొని వంక వైపు అడుగు వేయగానే నాయనకు అర్థమైపోయింది. వాళ్లకా, నేను బతికుండగా ఒక్క గింజ పోదు అని అడ్డం నిలబడ్డాడు. అమ్మ గొంతు పెంచలేదు. "వాన అడిగితి, కురిపించినాడు. ఎవరి చేన్లో కురవాల్నో నేను చెప్పినానా? అడిగేటప్పుడు నమ్మి, ఇప్పుడు ఆయన చెప్పినట్ల వినకపోతే ఎట్లప్పా?" అన్నది. నాయన పక్కకు జరిగాడు. నేను ఆమె వెనకాలే బురదలో వంక దాటాను.

చిన్నమ్మ వాకిట్లో పొట్టు కాయల కుప్ప ముందు కూర్చొని ఏడుస్తూ ఒలుస్తున్నది. చిన్నాయన అప్పటికే విత్తే గొర్రు కట్టి చేతిలో గింజ లేక నిలబడి ఉన్నాడు, పైన ఎండ కాస్తున్నది. అమ్మ గంప దించి ఆమె ముందు పెట్టింది. చిన్నమ్మ గింజల్లో చెయ్యి పెట్టి, తీసి, "అక్కా" అన్నది. అంతే, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొని ఏడ్చారు. మేము సాలు వెంట గింజ వేస్తూ ఉండగా నాయన మా ఎద్దులను తోలుకొని వచ్చి రెండో గొర్రు కట్టాడు. సాయంత్రం చిన్నమ్మ తన ఒలవని కాయల మూట మా ఇంటికి పంపింది. ఆ తర్వాత కొన్నాళ్లకు మా చేలోనూ వాన పడినప్పుడు ఆ కాయలను రెండిళ్ల వాళ్లమూ ఒకే చాప మీద కూర్చొని ఒలిచాము. దేవుడు వంక ఒడ్డు విషయంలో పొరపాటు పడలేదని నాకు అప్పుడు తెలిసింది.

అమ్మ లేదు, చిన్నమ్మా లేదు. ఇప్పుడు వాన పడ్డాక మిషనుకు వేస్తే టీ తాగి వచ్చేలోపు గింజలు చేతికొస్తాయి, ఎవరి వేళ్లూ పొక్కవు, మంచిదే. వాన రాకముందే మూట విప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు. నేనూ రోజూ మోకరిస్తాను, అయితే నా పిల్లలకని, నా ఇంటికని, నా మోకాలి నొప్పికని చుట్టూ గట్టు వేసుకొని మరీ అడుగుతాను. అమ్మలాగా ఒక్కసారి అడిగి, ఆయన చెప్పిన వాకిట్లో గంప దించి రావాలని ఉంది. ఏ వాకిలో నాకు తెలుసు, మా వీధిలోనే ఉంది, మాటలు పోయినప్పటినుంచి నేను ముఖం తిప్పుకొని దాటిపోయే వాకిలి. లేచి పోవడమే ఇంకా చేతకావడం లేదు.